రెండు సెకన్ల ఫిల్మ్, ఒక పీరియడ్ పాఠం

సినిమా తెర మీద బొమ్మ కదలాలంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు, పరుగెత్తాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేము ఎత్తు దాదాపు 19 మిల్లీమీటర్లు. అంటే మీటరుకు కాస్త తక్కువ పొడవున్న ముక్కలో 48 ఫ్రేములు పడతాయి. సినిమాలో అది రెండు సెకన్లు. అదే పొడవు ఫిల్మ్, అవే 48 ఫ్రేములు తరగతి గదిలో ఒక పీరియడంతా నడిచేవి. ఆ ముక్క పేరే ఫిల్మ్‌స్ట్రిప్.

దీన్ని చాలామంది వీడియోలు రాకముందు సర్దుకుపోయి వాడిన పాత సామానుగా తీసిపారేస్తారు. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు తెరిస్తే బోధనోపకరణాల జాబితాలో ఛార్టుకీ స్లైడుకీ మధ్య ఒక్క పేరాలో సరిపెడతాయి. రెండూ నాకు అన్యాయంగానే అనిపిస్తాయి. బొమ్మ ఎలా నేర్పుతుంది, కదలిక ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు అడ్డుపడుతుంది అనే ప్రశ్నలు ఇవాళ తరగతిలో వీడియో పెట్టే ప్రతి టీచరుకూ ఎదురవుతున్నాయి. వాటిలో చాలావాటికి జవాబు ఈ మీటరు ముక్కలోనే ఉంది.

ముందు వస్తువు సంగతి

ఫిల్మ్‌స్ట్రిప్ అంటే 35 ఎం.ఎం. పాజిటివ్ ఫిల్మ్ మీద వరసగా ముద్రించిన నిశ్చల చిత్రాల పట్టీ. సాధారణంగా 30 నుంచి 60 దాకా ఫ్రేములుండేవి. సినిమా రీలులో లాగే ఒకదాని కింద ఒకటి. బొమ్మ కొలత 18×24 మిల్లీమీటర్లు. దీన్ని సింగిల్ ఫ్రేమ్ అనేవారు. దానికి రెట్టింపు సైజులో బొమ్మలు అడ్డంగా ఉండే డబుల్ ఫ్రేమ్ పట్టీలూ ఉన్నాయి గానీ బడుల్లో ఎక్కువగా తిరిగింది మొదటి రకమే. పట్టీని చుట్టగా చుట్టి, గుప్పిట్లో ఇమిడే గుండ్రటి డబ్బాలో పెట్టి, మూత మీద పాఠం పేరు అంటించేవారు. చాలావాటితో పాటు ఏ ఫ్రేము దగ్గర ఏం చెప్పాలో రాసిన చిన్న పుస్తకం కూడా వచ్చేది.

ప్రొజెక్టర్ అంతకంటే సింపుల్. లోపల దీపం, దాని వెనక వెలుగును ముందుకు తిప్పే అద్దం, ఆ వెలుగును ఫిల్మ్ మీదికి చేర్చే కండెన్సర్ కటకాలు, వేడిని అడ్డుకునే గాజు పలక, ముందువైపు లెన్సు. పెద్ద దీపాలున్న వాటికి ఫ్యాను కూడా. సినిమా ప్రొజెక్టర్‌లో వెలుగును మూస్తూ తెరుస్తూ ఉండే షట్టర్ ఇందులో లేదు, రీళ్లు తిప్పే మోటారు లేదు. పక్కన ఒక నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి పళ్లచక్రం ఫిల్మ్ అంచు రంధ్రాలను పట్టుకుని ఒక ఫ్రేము కిందికి దింపుతుంది. అంతే.

ఎక్కించడం మాత్రం కాస్త ఒడుపుతో చేయాల్సిన పని. పట్టీని అంచులు పట్టుకునే తీయాలి. 24 మిల్లీమీటర్ల బొమ్మ ఒకటిన్నర మీటర్ల తెర నిండా పరుచుకుందంటే అరవై రెట్లకు పైగా పెరిగినట్టు. ఫిల్మ్ మీద అర మిల్లీమీటరు గీత తెర మీద మూడు సెంటీమీటర్ల చార అవుతుంది. వేలిముద్ర పడిందంటే సగం తెర మసకే. లెన్సు బొమ్మను తిరగేస్తుంది కాబట్టి పట్టీని తలకిందులుగా దూర్చాలి. నాబ్ సరిగ్గా ఆగకపోతే తెర మీద ఒక బొమ్మ కాళ్లు పైన, ఇంకో బొమ్మ తల కింద కనిపిస్తాయి. దాన్ని సరిచేయడానికి ఫ్రేమింగ్ మీట ఉంటుంది. పట్టీ మొదట్లో 'ఫోకస్' అని రాసిన ఫ్రేము ఒకటుండేది. ఆ అక్షరాలు పదునుగా కనిపించేదాకా లెన్సు తిప్పుకుని పాఠంలోకి వెళ్లేవారు.

ఎక్కణ్నుంచి వచ్చింది

తెర మీద బొమ్మ వేసి చెప్పడం ఫిల్మ్‌తో మొదలవలేదు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగన్స్ 1659 ప్రాంతంలోనే మ్యాజిక్ లాంతరు, అంటే దీపం వెలుగుతో బొమ్మను తెర మీద వేసే పెట్టె, రూపం గీశాడు. 19వ శతాబ్దంలో గాజు పలకల మీద బొమ్మలు వేసి ఉపన్యాసాల్లో, తరగతుల్లో చూపించడం మామూలైపోయింది. గాజుతో ఇబ్బంది ఏంటంటే బరువు, పగలడం. యాభై బొమ్మల పాఠమంటే ఒక పెట్టె మోయాలి. అదే యాభై బొమ్మలు ఫిల్మ్ మీదికి వస్తే జేబులో పడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. తొలినాళ్ల సినిమా ఫిల్మ్ నైట్రేట్. అది భగ్గున అంటుకునే రకం. సినిమాలో ప్రతి ఫ్రేమూ దీపం ముందు క్షణంలో వంతు మాత్రమే ఉంటుంది. ఫిల్మ్‌స్ట్రిప్‌లో ఒక్కో ఫ్రేము నిమిషాల తరబడి ఆ వేడి ముందే నిలబడాలి, అదీ పిల్లలు కూర్చున్న గదిలో. అందుకే అంత తేలిగ్గా మండని ఎసిటేట్ సేఫ్టీ ఫిల్మ్ దీనికి సరిపడిన పదార్థమైంది. బొమ్మను ఆపి చూపించడమనే సదుపాయం వెనక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

అమెరికాలో 1919లో షికాగోలో మొదలైన సొసైటీ ఫర్ విజువల్ ఎడ్యుకేషన్ లాంటి సంస్థలు బడుల కోసం ఈ పట్టీలు తయారుచేశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది సైనికులకు తక్కువ టైములో యంత్రాలు, ఆయుధాల పని నేర్పాల్సి వచ్చినప్పుడు సైన్యం సినిమాలతో పాటు ఫిల్మ్‌స్ట్రిప్‌లనూ విరివిగా వాడింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ప్రయోగించాక, సైన్సు చదువులో వెనకబడ్డామన్న టెన్షన్‌తో అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. సైన్సు, గణితం, విదేశీ భాషల బోధనా పరికరాలకు బడులకు ప్రభుత్వ డబ్బు అందింది. ప్రొజెక్టర్లు బడుల్లోకి వచ్చి చేరిన కాలం అదే.

సినిమాను కాదని దీన్ని ఎందుకు కొన్నారన్నదానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. 16 ఎం.ఎం. సినిమా ప్రొజెక్టర్ ఖరీదెక్కువ, నడపడానికి తెలిసిన మనిషి కావాలి, రీలు సాధారణంగా అద్దెకు తెచ్చుకుని తిరిగి పంపాలి. పాఠం ఇవాళ ఉంటే రీలు వచ్చే వారం వచ్చేది. ఫిల్మ్‌స్ట్రిప్ బడి సొంతం. బీరువా తీస్తే చేతికందుతుంది. స్లైడ్లలా ఒక్కో బొమ్మకూ చట్రం బిగించాల్సిన పనీ లేదు, పట్టీ మొత్తం ఒకేసారి ప్రింటవుతుంది. బోధనలో ఏ పరికరం గెలుస్తుందన్నది చాలాసార్లు ఇలాంటి చిన్న సౌకర్యాలే తేలుస్తాయి.

నాబ్ తిప్పే చెయ్యి

ఇప్పుడు అసలు విషయం. చిక్కుడు గింజ మొలకెత్తడం గురించి ఒక పట్టీ ఉందనుకుందాం. మొదటి ఫ్రేములో ఎండు గింజ. రెండోదాంట్లో నీళ్లు పీల్చుకుని ఉబ్బిన గింజ. టీచరు ఇక్కడ ఆగి అడుగుతారు: "ముందు వేరు వస్తుందా, ఆకు వస్తుందా? ఎందుకు?" సగం మంది ఆకు అంటారు, సగం మంది వేరు అంటారు. వాదన జరుగుతుంది. ఒకరు "నీళ్లు కావాలి కదా, అందుకే వేరు" అంటారు. ఇంకొకరు "ఇప్పటికే నీళ్లు తాగేసి ఉబ్బింది కదా" అని ఎదురు అడుగుతారు. టీచరు జవాబు చెప్పరు. నాబ్ తిప్పుతారు. పొట్టు చిట్లి, కిందికి తిరిగిన తెల్లటి వేరు.

నాలుగో ఫ్రేములో వంకీలా వంగిన కాండం మట్టిని పైకి తోస్తుంటుంది. ఆకులు కనబడవు. "తలెత్తకుండా ఇలా వంగి ఎందుకు వస్తోంది?" అని మళ్లీ ప్రశ్న. నేరుగా పైకొస్తే లేత చిగురు మట్టికి ఒరుసుకుని దెబ్బతింటుందని ఎవరో ఒకరు కనిపెడతారు. కనిపెట్టకపోతే టీచరు ఇంకాసేపు ఆగొచ్చు. అయిదో ఫ్రేములో బీజదళాలు నేల మీదికి వచ్చేశాయి. ఇక్కడ ఒక పిల్ల "మొదటి బొమ్మ మళ్లీ చూపించండి టీచర్, పొట్టు ఎటు పోయింది?" అని అడిగితే, నాబ్ వెనక్కి నాలుగుసార్లు తిప్పితే చాలు.

ఇదే మొలకెత్తడాన్ని, రోజుల మార్పును క్షణాల్లోకి కుదించే టైమ్‌ల్యాప్స్ వీడియో ఇరవై సెకన్లలో చూపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అయిపోయాక "ముందు ఏమొచ్చింది?" అని అడిగితే చాలామంది దగ్గర "మొక్క వచ్చింది" అన్న జవాబే ఉంటుంది. చూసిందంతా కళ్ల ముందు నుంచి జారిపోయింది, పట్టుకునే వ్యవధి లేదు.

ఫిల్మ్‌స్ట్రిప్ బలమంతా ఆ ఆగడంలోనే ఉందని నా నమ్మకం. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య ఉన్న ఖాళీలో ఏం జరిగి ఉంటుందో పిల్లల బుర్ర నింపుకోవాలి. వీడియో ఆ ఖాళీని ముందే నింపేసి ఇస్తుంది.

పరిశోధన ఏమంటుంది

ఇది పాత వస్తువు మీద మమకారంతో చెప్పే మాటగా అనిపించవచ్చు. కానీ దీనికి ఆధారం ఫిల్మ్‌స్ట్రిప్‌లు మూలన పడ్డాక వచ్చింది. రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ అనే విద్యా పరిశోధకులు 2001లో ఒక ప్రయోగం ప్రచురించారు. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే చిన్న యానిమేషన్‌ను, మాటలతో సహా, 16 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క అయ్యాక అది ఆగిపోతుంది. నేర్చుకునేవారు బటన్ నొక్కితేనే తర్వాతి ముక్క వస్తుంది. ముందు అలా ముక్కలుగా చూసి తర్వాత ఏకబిగిన చూసినవారు, ముందు ఏకబిగిన చూసి తర్వాత ముక్కలుగా చూసినవారికంటే కొత్త సమస్యలకు జవాబులు మెరుగ్గా చెప్పగలిగారు. ఒక్క బటన్ తేడా. నాకైతే ఆ బటన్‌లో నాబ్ కనిపిస్తుంది.

కారణం జ్ఞాపకశక్తి పనిచేసే తీరులో ఉంది. ఒకేసారి మనసులో పట్టుకోగలిగిన విషయాలు చాలా కొద్ది. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచి అభివృద్ధి చేసిన కాగ్నిటివ్ లోడ్ (ఆలోచన మీద పడే బరువు) సిద్ధాంతం మొత్తం ఈ పరిమితి చుట్టూనే తిరుగుతుంది. కదిలే బొమ్మలో ఇప్పుడు కనిపించేదాన్ని అర్థం చేసుకుంటూనే, ఇందాక కనిపించి మాయమైనదాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆగి ఉన్న బొమ్మలో ఆ రెండో బరువు ఉండదు. మర్చిపోతే మళ్లీ చూసుకోవచ్చు, ఎదురుగానే ఉంది కదా.

అలాగని నిశ్చల చిత్రమే ఎప్పుడూ మేలని చెప్పేస్తే అది అబద్ధమవుతుంది. మేయర్ బృందమే 2005లో మెరుపు, సముద్రపు అలలు, బ్రేకులు, టాయిలెట్ ట్యాంకు పనిచేసే తీరు లాంటి పాఠాలతో చేసిన ప్రయోగాల్లో కాగితం మీది బొమ్మలు, రాతతో నేర్చుకున్నవాళ్లు యానిమేషన్ చూసినవాళ్లకు ఎక్కడా తీసిపోలేదు, కొన్నిచోట్ల మించారు. కానీ టిమ్ హోఫ్లర్, డెట్లెఫ్ లాయిట్నర్ 2007లో 26 అధ్యయనాలను కలిపి లెక్కకడితే సగటున యానిమేషన్‌దే పైచేయిగా తేలింది. ముఖ్యంగా చేతులతో చేసే పనుల విషయంలో ఆ తేడా బాగా కనిపించింది.

పైకి చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టుంటాయి. నాకు అర్థమైనంతలో చిక్కు ఇలా విడిపోతుంది. కదలికే పాఠమైతే కదలిక చూపించాలి. ముడి వేయడం, ఈత కొట్టేటప్పుడు చేతులు తిప్పే పద్ధతి లాంటివి నలభై నిశ్చల చిత్రాలు పెట్టినా అంతుపట్టవు. కదలిక వెనక ఉన్న కారణం పాఠమైతే దశలు విడివిడిగా నిలబడాలి. గుండెలో ఏ గది ఎప్పుడు సంకోచిస్తుంది, ఆ క్షణంలో ఏ కవాటం మూసుకుంటుంది అనేవి కొట్టుకుంటున్న గుండెను చూస్తే తెలియవు, ఒక్కో దశలో ఆపి చూపిన గుండె బొమ్మలు పక్కపక్కన ఉంటే తెలుస్తాయి. నేర్పబోయేది ఈ రెంటిలో ఏదన్నది వీడియో వెతుక్కోకముందే తేల్చుకోవాలి.

శాతాల కట్టుకథ

దృశ్య బోధన మాట ఎత్తగానే ఒక పటం ప్రత్యక్షమవుతుంది. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం గుర్తుంటుందని శాతాలు వేసిన త్రిభుజం, దాని కింద అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు. శిక్షణ తరగతుల్లో, ప్రెజెంటేషన్లలో ఇది తిరుగుతూనే ఉంది.

డేల్ 1946లో రాసిన పుస్తకంలో అనుభవ శంకువు గీసిన మాట నిజం. అందులో స్వయంగా చేసే అనుభవం అడుగున, మాటలు కొసన ఉంటాయి. నిశ్చల చిత్రాలు మాటలకంటే కింద, చలనచిత్రాలకంటే పైన వస్తాయి. కానీ అందులో శాతాలు లేవు. అవి తర్వాత ఎవరో తగిలించినవి, వాటి వెనక నమ్మదగిన ప్రయోగమేదీ లేదు. అనుభవాలు ఎంత ప్రత్యక్షంగా, ఎంత అమూర్తంగా ఉంటాయో వరస పెట్టడమే డేల్ చేసిన పని. పైమెట్టు నాసి, కిందిమెట్టు మేలు అన్న ర్యాంకులు కావవి. ఈ శాతాలను నమ్మి ప్రతి పాఠానికీ ఏదో ఒక బొమ్మ అతికించే అలవాటు వల్ల పిల్లలకు నష్టమే జరుగుతోంది. పాఠంతో సంబంధం లేని అందమైన బొమ్మ కన్నును లాక్కుంటుంది, విషయం పక్కకు పోతుంది.

మెరుగుపరచబోయి పోగొట్టుకున్నది

ఫిల్మ్‌స్ట్రిప్‌కు తర్వాత గొంతు వచ్చింది. మొదట గ్రామఫోన్ రికార్డు, 1970ల నుంచి క్యాసెట్. వ్యాఖ్యానం నడుస్తుంటే మధ్యలో 'బీప్' అని వినపడుతుంది, వెంటనే నాబ్ తిప్పాలి. చాలా తరగతుల్లో ఆ పని ఒక విద్యార్థికి దక్కేది, అదొక గొప్ప. ఆ తర్వాత బీప్ కూడా అవసరం లేని యంత్రాలు వచ్చాయి. రికార్డులో 50 హెర్ట్జ్ దగ్గర చెవికి పెద్దగా ఆనని సంకేతం పెడితే, ప్రొజెక్టర్ దాన్ని పసిగట్టి తనంతట తాను ఫ్రేము మారుస్తుంది. ఒకే రికార్డుకు ఒకవైపు బీప్‌లు, రెండోవైపు ఈ సంకేతాలు పెట్టి అమ్మేవారు.

ఇంజనీరింగ్‌గా చూస్తే ముచ్చటైన పని. బోధనగా చూస్తే అసలైనదాన్ని తీసేసిన పని. చిక్కుడు గింజ దగ్గర ఆగి "వేరా, ఆకా?" అని అడిగే అవకాశాన్ని బీప్ మింగేసింది. రికార్డు ఆగదు, అడగదు, వెనక్కి వెళ్లదు. వేగం టీచరు చేతిలోంచి స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాత చేతిలోకి పోయింది. ఇక అది కదలని సినిమా అయింది. కదలని సినిమాకు కదిలే సినిమా పోటీగా వస్తే ఎవరు గెలుస్తారో తెలిసిందే. 1980ల్లో వీడియో క్యాసెట్లు ఆడించే వీసీఆర్ బడుల్లోకి రాగానే ఫిల్మ్‌స్ట్రిప్ వెనకబడింది, 1990లకు దాదాపు మాయమైంది. గొంతు లేని పాత పట్టీ చేసే పని వీడియో చేయలేదు. కానీ అప్పటికి ఆ పనిని గుర్తుపెట్టుకున్నవాళ్లు తగ్గిపోయారు.

గొంతు లేని పట్టీతోనూ పాఠాన్ని పాడుచేయవచ్చు, అదీ చెప్పాలి. గది చీకటి చేయడంతో పిల్లలు నోట్సు రాసుకోలేకపోయేవారు, మధ్యాహ్నం పూట అయితే కునుకు కూడా. కొందరు టీచర్లు ఫ్రేము కింద ఉన్న వాక్యాన్ని పైకి చదివి, నాబ్ తిప్పి, మళ్లీ చదివి గంట గడిపేసేవారు. బొమ్మల వరస మార్చడానికి వీల్లేదు. తయారుచేసినవాళ్లు ఎలా అతికించారో అదే క్రమం. స్లైడ్లయితే నచ్చినట్టు పేర్చుకోవచ్చు. అంచు రంధ్రాలు ఒకచోట చిరిగితే పట్టీ అక్కడ ఇరుక్కునేది.

కాలం కూడా వీటిని బతకనివ్వలేదు. అప్పటి కలర్ ఫిల్మ్ చాలావరకు రంగు నిలుపుకోలేదు. సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలి) రంగు ముందు వెలిసిపోవడంతో అడవులు, సముద్రాలు, ఆకాశం అన్నీ గులాబీ ఎరుపులోకి దిగాయి. పచ్చటి ఆకు గురించి చెప్పే పాఠంలో ఆకు ఎర్రగా ఉంటే ఇంకేం చెబుతారు? ఎసిటేట్ ఫిల్మ్ తేమకు, వేడికి కుళ్లడం మొదలుపెడితే డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఆ వాసన మొదలయ్యాక కుళ్లు ఇంకా వేగం పుంజుకుంటుంది.

లారీ, సరుకు

1983లో రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు పెద్ద దుమారం రేపాడు. సరుకులు తెచ్చే లారీని బట్టి మన ఒంటికి పోషణ పెరగదు, అలాగే పాఠం తెచ్చే మాధ్యమాన్ని బట్టి చదువు పెరగదు అన్నది ఆయన వాదన సారం. సినిమా మేలా, ఫిల్మ్‌స్ట్రిప్ మేలా అని దశాబ్దాలుగా పోల్చిన అధ్యయనాలను ఇది ఒక్క వేటుతో పక్కన పెట్టింది. రాబర్ట్ కోజ్మా 1991లో దీనికి ఎదురు నిలిచి, ఒక్కో మాధ్యమానికి ఒక్కో శక్తి ఉందని, దాన్ని వాడుకునే పద్ధతిని బట్టి ఫలితం మారుతుందని వాదించాడు.

నేను క్లార్క్‌తో చాలా దూరం నడుస్తాను, చివరిదాకా మాత్రం వెళ్లలేను. ఆగి ప్రశ్న అడగడం ఒక పద్ధతి. అది వీడియోతోనూ చేయొచ్చు, పాజ్ బటన్ ఉంది. ఇక్కడివరకు ఆయన మాటే రైటు. కానీ వీడియో దానంతటదే నడుస్తుంటుంది, ఆపడానికి టీచరు ప్రత్యేకంగా పూనుకోవాలి. పట్టీ ఆగే ఉంటుంది, నడపడానికి పూనుకోవాలి. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏం జరుగుతుందన్నది రెంటిలో వేరు. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి అలసిపోయిన టీచరు విషయంలో ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు ఫిల్మ్ అక్కర్లేదు. మూడు నిమిషాల వీడియో ఒకటి తీసుకుని, అందులోంచి ఎనిమిది స్క్రీన్‌షాట్లు మాత్రమే ఎంచుకుని వరసగా పేర్చి చూడండి. ఎనిమిదే అన్న నియమం పెట్టుకుంటే, ఏ మలుపు దగ్గర పిల్లలు తికమకపడతారో ముందే ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఎంపికలోనే సగం పాఠం తయారైపోతుంది. బొమ్మ కింద వాక్యం రాయకండి. లైట్లు పూర్తిగా ఆర్పకండి, రాసుకునేంత వెలుతురు ఉండనివ్వండి. మూడో బొమ్మ దగ్గర ఆగి, నాలుగో బొమ్మలో ఏముంటుందో నోట్సులో గీయమనండి. అందరూ గీసేదాకా తర్వాతిది చూపించకండి. ఎనిమిదీ అయ్యాక అసలు వీడియో మాటల్లేకుండా పెట్టి, దానికి వ్యాఖ్యానం పిల్లల చేతే చెప్పించండి. ఎవరి మాట ఎక్కడ తడబడిందో, రేపు ఆ బొమ్మ దగ్గరే మళ్లీ మొదలుపెట్టండి.